పదిహేడో నంబరు రోడ్డు మీద ఒక పాట

గ్లెన్ గూల్డ్ పేరు పియానో వల్లే మనకు తెలుసు. ఇరవై రెండేళ్ల వయసులో, 1955లో, బాక్ 'గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్' రికార్డు చేసి ప్రపంచాన్ని తన వైపు తిప్పుకున్న కెనడా కుర్రాడు. 1964లో, ముప్పై ఒకటో ఏట, ఇక కచేరీలు చెయ్యనని స్టేజీ దిగిపోయాడు. ఆ తర్వాత 1982లో చనిపోయేదాకా స్టూడియోల్లో, రేడియోలో, కాగితం మీద బతికాడు. ఈ కాగితం మీది గూల్డ్ గురించే నా గొడవంతా.

1967 నవంబరులో 'హై ఫిడెలిటీ' అనే సంగీత పత్రికలో ఆయన ఒక వ్యాసం రాశాడు. పేరు 'ద సెర్చ్ ఫర్ పెటులా క్లార్క్'. పెటులా క్లార్క్ అంటే 'డౌన్‌టౌన్' పాట పాడిన బ్రిటిష్ గాయని. గూల్డ్ పుట్టిన 1932లోనే పుట్టింది. బాక్, షోన్‌బెర్గ్ గురించి రాసుకునే మనిషి ఒక పాప్ గాయని మీద వ్యాసం రాయడమే వింత. దాన్ని పాటతో కాకుండా ఒక రోడ్డుతో మొదలుపెట్టడం ఇంకా వింత. ఆ రోడ్డు ఒంటారియో రాష్ట్రపు హైవే 17.

ఈ వ్యాసాన్ని నేను మూడుసార్లు చదివాను. మొదటిసారి మురిసిపోయాను. రెండోసారి సిగ్గుపడ్డాను. మూడోసారి ఏమైందో చివర్లో చెప్తాను.

ముందు రోడ్డు. మానిటోబా సరిహద్దు దగ్గర మొదలై కెనోరా, డ్రైడెన్, థండర్ బే, నిపిగన్, మారథాన్, వైట్ రివర్, వావా, సూ సెయింట్ మరీ, సడ్‌బరీ, నార్త్ బే మీదుగా వచ్చి, ఒటావాకి కాస్త ఇవతల ఆర్న్‌ప్రయర్ దగ్గర 417 అనే పెద్ద రోడ్డుకి తన పని అప్పజెప్పేస్తుంది. దాదాపు 1,960 కిలోమీటర్లు. ఒంటారియోలో ఇంతకంటే పొడుగు రోడ్డు లేదు. ట్రాన్స్ కెనడా హైవేలో ఇదొక ముఖ్యమైన ముక్క. కెనడియన్ షీల్డ్ అని పిలిచే అతి పురాతనమైన రాతి నేల మీద నడుస్తుంది కాబట్టి పొలాలుండవు. రాయి, స్ప్రూస్ చెట్లు, నీళ్లు, యాభై అరవై మైళ్లకి ఒక ఊరు. సుపీరియర్ సరస్సు ఒడ్డు వెంట కొండలు ఎంత మొండివంటే, అగావా నది నుంచి మారథాన్ దాకా ఉన్న ఖాళీ 1960 సెప్టెంబరు దాకా పూడలేదు. అది పూడినప్పుడు కొత్త రోడ్డు ఊరిలోంచి కాకుండా ఊరి పక్కనుంచి పోతోందని వావా వ్యాపారులు దిగులుపడి, వచ్చేపోయేవాళ్ల కంట్లో పడేలా రోడ్డు పక్కన పేద్ద బాతు బొమ్మ పెట్టారు. ఇప్పటికీ అక్కడ ఒక బాతుంది.

అంటే గూల్డ్ రాసేనాటికి సరస్సు పక్కన ఆ ముక్క వయసు ఏడేళ్లు. మనం ఎప్పట్నుంచో ఉందనుకునే రోడ్డు ఆయనకి కొత్త.

ఈ రోడ్డుకి ఇంకో గుణం ఉంది. నిపిగన్ దగ్గర 11, 17 నంబరు రోడ్లు రెండూ కలిసి ఒకే వంతెన మీదుగా నది దాటతాయి. కెనడా తూర్పు సగాన్నీ పడమటి సగాన్నీ కలిపే రోడ్డు అక్కడ అదొక్కటే. 2015 నవంబరు ఆఖరున అక్కడ కొత్త కేబుల్ వంతెన సగభాగం తెరిచారు. 2016 జనవరి 10న, చలిలో గాలిలో, బోల్టులు తెగి వంతెన ఒక కొస రెండడుగుల దాకా పైకి లేచింది. ఇంత పెద్ద దేశంలో ట్రక్కులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. చుట్టూ తిరిగి పోవాలంటే అమెరికాలోంచి పోవాలి. మా ఆఫీసు భాషలో దీన్ని 'సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్' అంటారు. డిజైన్ రివ్యూలో ఎవరైనా ఇలాంటిది గీసి చూపిస్తే వెనక్కి పంపేస్తాం.

వంతెన సంగతి గూల్డ్ తర్వాతిది. కానీ వ్యాసం అర్థం కావాలంటే ఈ గుణం తెలియాలి: ఆ రోడ్డు మీద ఇంకో దారి లేదు. గూల్డ్ కారులో పోతున్నప్పుడు ఇంకో స్టేషనూ లేదు. ఊరూరా ఉన్న చిన్న రిలే ట్రాన్స్‌మిటర్లు ఒకే రేడియోని అందిస్తుంటాయి. ఊరు దాటగానే గరగర, తర్వాతి ఊరు దగ్గరపడగానే మళ్లీ మాట. ఆ రోజుల్లో పెటులా క్లార్క్ పాడిన 'హూ యామ్ ఐ' పాట గంటకోసారి వేస్తున్నారు. గూల్డ్ ఏం చేశాడంటే, పాట వచ్చే వేళకి ఏదో ఒక ట్రాన్స్‌మిటర్ అందే దూరంలో ఉండేలా కారు వేగాన్ని సర్దుకున్నాడు. అలా కొన్ని వందల మైళ్లు అదే పాట విని, మారథాన్‌లో హోటల్ గది తీసుకుని, ఆమె గురించి ఆలోచించడానికి కూర్చున్నాడు.

నన్ను పడగొట్టింది ఇదే. విమర్శకుడు పాటని వినడం కోసం తన ప్రయాణ వేగాన్ని మార్చుకోవడం. మనం చేసేది దీనికి సరిగ్గా ఉల్టా. మన వేగానికి పాటని సర్దుకుంటాం. పాడ్‌కాస్టుని ఒకటిన్నర స్పీడులో వింటాం, నవలని మెట్రోలో నాలుగు స్టేషన్లకి సరిపడా ముక్కలుగా చదువుతాం.

ఇక పాటలు. గూల్డ్ నాలుగు ఎంచుకుంటాడు. మొదట 'డౌన్‌టౌన్', చివర 'హూ యామ్ ఐ', మధ్యలో 'మై లవ్', 'ఎ సైన్ ఆఫ్ ద టైమ్స్'. 1964 నుంచి 1966 దాకా వచ్చిన ఈ నాలుగింటినీ ఒక టీనేజరు ఇల్లు విడిచిపెట్టే క్రమంలో నాలుగు మెట్లుగా చదువుతాడు. మొదట ఒంటరితనం పోగొట్టుకోవడానికి నగరంలోని దీపాల వైపు పరుగు. తర్వాత ప్రేమ, ఆశ. చివరికి అవే మేడల మధ్య నిలబడి నేనెవర్ని అని అడగడం. సంగీతం కట్టిన టోనీ హాచ్ స్వరాలు సొంత ఇంటి గుమ్మం దాటి దూరం పోవు అంటాడు. ఎటు తిరిగినా తెలిసిన శ్రుతికే వస్తాయి. మాటలు ఇల్లు విడిచిపోతుంటే స్వరాలు ఇంటికి వస్తుంటాయి. పెటులా క్లార్క్ బలం ఈ వైరుధ్యంలోనే ఉందని నాకు అర్థమైంది. ఈ తిరుగుబాటు ఎంతో దూరం పోదులే అని పెద్దవాళ్లకి ధైర్యం, నీ బాధ నాకు తెలుసులే అని పిల్లలకి ఓదార్పు, రెండూ ఒకే గొంతులో. అప్పట్లో అందరూ నెత్తిన పెట్టుకున్న బీటిల్స్‌ని మాత్రం ఆయన చీల్చి చెండాడతాడు. అది అన్యాయమే. కానీ అన్యాయం కూడా శ్రద్ధగా చేస్తాడు.

లెక్క చూసేవాడిగా ఒక అభ్యంతరం. మధ్యలో పెటులా క్లార్క్‌కి వేరే హిట్లున్నాయి. 'ఐ నో ఎ ప్లేస్' ఉంది, 'ఐ కుడన్ట్ లివ్ వితవుట్ యువర్ లవ్' ఉంది. అవి ఈ నాలుగు మెట్ల వరసలో లేవు. అవి చేరిస్తే అమ్మాయి నేరుగా మెట్లెక్కదు. ఎక్కుతుంది, దిగుతుంది, మళ్లీ ప్రేమలో పడుతుంది. గూల్డ్‌కి కావల్సింది హైవే లాంటి వరస, పక్కదారులు లేనిది. డేటాలోంచి నచ్చినవి ఏరుకుని గ్రాఫు గీస్తే ఎంత అందంగా వస్తుందో నాకు బాగా తెలుసు.

అయినా మొదటిసారి చదివినప్పుడు ఇవేవీ పట్టించుకోలేదు. సినిమా పాట గురించి మనం రాసేటప్పుడు ఎక్కువగా రెండే దారులు. ఒకటి జ్ఞాపకం: ఆ రోజుల్లో రేడియోలో ఈ పాట వస్తుంటే అమ్మ వంటింట్లో... అనేది. రెండోది సాహిత్యం: పల్లవిలో ఫలానా అలంకారం అనేది. పాట కట్టుబడి మనిషిని ఏం చేస్తుంది, అది ఏ ఊళ్లో ఏ గాలిలో వినపడుతోంది అని కలిపి అడిగే దారి ఒకటుందని ఈ వ్యాసం నాకు చూపించింది. ఇదిరా విమర్శంటే అని ఇద్దరు ముగ్గురికి ఫార్వర్డ్ కూడా చేశాను.

రెండో చదువు నాటికి నేను టొరంటోలో ఉన్నాను. ఒక ఆగస్టులో ఇద్దరు స్నేహితులతో థండర్ బే దాకా పోదామని బయల్దేరే ముందు రోజు రాత్రి వ్యాసం మళ్లీ తీశాను. ఈసారి మారథాన్ గురించిన పేరా దగ్గర ఆగిపోయాను.

మారథాన్ కంపెనీ ఊరు. పేరు కూడా కంపెనీదే. అమెరికాలోని విస్కాన్సిన్‌కి చెందిన మారథాన్ పేపర్ మిల్స్ వచ్చాక, 1944లో, పాత పేరు పెనిన్సులా పోయి ఇది వచ్చింది. గూల్డ్ ఆ ఊరి పటాన్ని గాలి వాటాన్ని బట్టి చదువుతాడు. గుజ్జు మిల్లు కింద, సరస్సు ఒడ్డున. దాని పక్కన కూలీల ఇళ్లు. హోదా పెరిగేకొద్దీ ఇల్లు కొండ మీదికి, కంపుకి దూరంగా జరుగుతూ పోతుంది. అందరూ పైకి ఎక్కాలనే చూస్తుంటారు. చాలా తెలివైన పేరా, నవ్వొచ్చే పేరా. మొదటిసారి నవ్వాను కూడా.

మా మామయ్య ఒక పేపర్ మిల్లులో పనిచేసేవాడు. ఎండాకాలం సెలవులకి వాళ్ల ఊరు పోయేవాళ్లం. ఊరు ఇంకా ఐదారు మైళ్లుండగానే బస్సు కిటికీలోంచి కుళ్లిన గుడ్ల వాసన కొట్టేది. చెక్కముక్కల్ని సోడాతో, గంధకం ఉప్పుతో ఉడికిస్తే అలాంటి వాసనే వస్తుందని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. మిల్లు గేటు పక్కనే క్వార్టర్లు, దూరంగా చెట్ల మధ్య ఆఫీసర్ల బంగళాలు. మామయ్యది గేటు నుంచి రెండో వరస. నేను ముక్కు మూసుకుని "కంపు మామయ్యా" అంటే, "అల్లుడూ, ఈ కంపు రాని రోజు చెప్పు, ఆ రోజు భయపడదాం" అనేవాడు. అత్తయ్య నవ్వేది. తర్వాత కొన్నేళ్లకి ఆ రోజు రానే వచ్చింది. మిల్లు ఆగింది. మామయ్య కూతురి దగ్గరికి హైదరాబాదు చేరాడు.

నేను నవ్విన పేరాలో ఉన్నది మామయ్య ఇల్లే. రెండో చదువులో సిగ్గుపడింది అందుకు.

సూ సెయింట్ మరీ నుంచి థండర్ బే దాకా దాదాపు 700 కిలోమీటర్లు. ఇప్పుడు కూడా చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. డౌన్‌లోడ్ చేసుకున్న ఇళయరాజా పాటలు అరవైయో ఎన్నో, అవే తిరిగి తిరిగి వచ్చాయి. గూల్డ్ చెప్పినది నిజం. ఆ రోడ్డు మీద పాట ఆరోసారి వచ్చేసరికి పాట కాదు, లోపలి నిర్మాణం వినపడుతుంది. ఎదురుగా రాతిగోడ, ఎడమవైపు సముద్రమంత సరస్సు, వయొలిన్లు ఎక్కడ ఆగుతాయో ముందే తెలిసిపోతుంది.

మారథాన్‌లో దిగాం. వాసన లేదు. గుజ్జు మిల్లు 2009లో మూతపడింది. ఎనభైల్లో దగ్గర్లోని హెమ్లోలో బయటపడ్డ బంగారు గనులు ఊరిని కాస్త నిలబెట్టాయి. ఉత్తరాది మిల్లు ఊళ్లలో ఒక నానుడి ఉందట, అది కంపు కాదు, డబ్బు వాసన అని. గూల్డ్ ముక్కుకి సగం సంగతే అందింది. గాలి ఎటు వీస్తే ఎవరికి కంపు అన్నది పట్టుకున్నాడు. ఆ కంపుని ఇంటికి తెచ్చుకునే మనిషి దాన్ని ఏమని పిలుస్తాడన్నది ఆయనకి అక్కర్లేకపోయింది. హోటల్ గదిలోంచి అది వినపడదు.

ఇంకోటి. వ్యాసం మొదట్లో ఊళ్ల పేర్లు చెప్తూ, మిచిపికోటెన్, బచవానా లాంటి పేర్లు కెనడా ఆదివాసుల వేరుపాటుకి గుర్తులని ఒక ముక్క అంటాడు. వెక్కిరింపు కాదు, విమర్శే. కానీ అక్కడితో ఆగిపోతుంది. మారథాన్‌కి దగ్గర్లోనే పిక్ నది సముద్రమంత సరస్సులో కలిసేచోట ఒజిబ్వేల ఊరుంది. వాళ్లు పేర్లుగా తప్ప మనుషులుగా ఈ వ్యాసంలోకి రారు. అదే ఏడాది డిసెంబరు 28న ప్రసారమైన ఆయన ప్రసిద్ధ రేడియో రచన 'ది ఐడియా ఆఫ్ నార్త్'లో కూడా ఉత్తరం గురించి మాట్లాడే ఐదు గొంతులున్నాయి. ఆ ఐదింటిలో ఒక్కటీ ఇన్యుయిట్‌ది కాదు. గొంతుల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి ఫ్యూగ్‌లా అల్లిన మనిషి, ఏ గొంతు లేదో వినలేదు.

నాకు ఇది బోధపడింది అగావా రాయి దగ్గర. వావాకి దక్షిణంగా, హైవే నుంచి కాస్త లోపలికి పోయి కారు ఆపి, రాళ్ల మధ్య ఏటవాలు దారిలో దిగితే సరస్సు ఒడ్డున నిటారుగా ఒక రాతిగోడ. దాని మీద ఎర్రమట్టి రంగుతో ఒజిబ్వేలు గీసిన బొమ్మలు. కొమ్ములున్న మిషిపెషూ, నీళ్లని ఏలే జంతువు. పక్కన పడవలు, అందులో మనుషులు. పడవల్లో ఈ సరస్సు దాటిన ఒక ప్రయాణానికి గుర్తుగా గీసినవని పంతొమ్మిదో శతాబ్దంలో రాసిపెట్టిన కథనం. ఆ కథనాన్ని పట్టుకుని సెల్విన్ డ్యూడ్నీ 1958లో వీటిని వెతికి పట్టుకున్నాడు. 1962లో వచ్చిన పుస్తకంలో వీటి గురించి రాశాడు.

వాటిని చూడాలంటే నీళ్లలోకి వాలిన సన్నటి రాతి అంచు మీద, జారకుండా పట్టుకుని, ఒక్కొక్కరే నడవాలి. అల పెద్దగా ఉంటే పోకూడదు. కారులోంచి ఆ బొమ్మలు కనపడవు, ఎంత వేగం సర్దుకున్నా. ఒడ్డు వెంట దారి గురించి రోడ్డు కంటే ఎన్నో తరాల ముందు రాసిన వ్రాత అది. గూల్డ్ ఆ రాయిని చూడాల్సిందని నేననను. ఎవరి వ్యాసంలోనూ అన్నీ పట్టవు. కానీ పాటకోసం వేగం తగ్గించిన మనిషి మనుషులకోసం కారు దిగలేదు. నా ఫిర్యాదు అదొక్కటే.

దీనికి గూల్డ్ తరఫున ఒక జవాబుంది, అది బలమైనదే. ఒంటరితనం ఆయన లోపం కాదు, పద్ధతి. కచేరీ హాల్లో మూడువేలమంది మధ్య సంగీతం వినపడదనే కదా స్టేజీ దిగాడు. దూరం నుంచి, గాజు వెనకనుంచి, మైక్రోఫోన్ లోంచి వింటేనే ఆయనకి స్పష్టంగా వినపడేది. పెటులా క్లార్క్ దొరికింది కూడా ఆ దూరంలోనే. ఆమె ఎదురుగా పాడుతుంటే ఈ వ్యాసం పుట్టేది కాదేమో. నాకు కూడా హెడ్‌ఫోన్లు లేకుండా ఏదీ సరిగ్గా చదవబుద్ధి కాదు. అందుకే ఈ జవాబుని కొట్టిపారెయ్యలేను.

కానీ పాటకీ ఊరికీ తేడా ఉంది. పాట రేడియోలో పూర్తిగా వస్తుంది. మూడు నిమిషాల్లో ఎంతుందో అంతా మన చెవికి అందుతుంది. ఊరు కారు అద్దంలోంచి పూర్తిగా రాదు. గూల్డ్ రెండింటికీ ఒకే పద్ధతి వాడాడు. పాట విషయంలో గెలిచాడు, ఊరి విషయంలో చమత్కారంతో సరిపెట్టుకున్నాడు. మన కథల మీద, ముఖ్యంగా మనం ఎన్నడూ దిగని ఊళ్ల కథల మీద రాసేటప్పుడు నాలాంటివాళ్లం చేసే తప్పూ ఇదే. వాక్యాన్ని పదిసార్లు వింటాం. ఆ వాక్యంలోని మనిషి కంపుని ఏమంటాడో ఒక్కసారి కూడా అడగం. పోయినేడాది ఒక మిల్లు కార్మికుడి కథల పుస్తకం మీద "వాసనల వర్ణన మితిమీరింది" అని నేనే రాశాను. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

తిరిగొచ్చాక ఒక ఆదివారం మామయ్యకి ఫోన్‌లో మారథాన్ పేరా తెలుగులో చెప్పాను. ఇళ్లు కొండ ఎక్కడం దగ్గర గట్టిగా నవ్వాడు. "కరెక్టుగా చెప్పాడు, మా దగ్గర కొండ లేదంతే" అన్నాడు. నేను అనుకున్నంత బాధ ఆయనకి కలగలేదు. తర్వాత కాసేపాగి, "ఆయన అక్కడ ఎవరింట్లోనన్నా అన్నం తిన్నాడా?" అని అడిగాడు.

హోటల్లో ఉన్నాడని చెప్పాను.

"ఒక్కడే?"

"ఒక్కడే."

"పాపం" అన్నాడు మామయ్య.

నాకు కోపమొచ్చిన చోట ఆయనకి జాలి కలిగింది. ఆ రాత్రే వ్యాసం మూడోసారి చదివాను. ఈసారి అది మారథాన్ గురించి తక్కువగా, రాత్రి పూట ఎవరూ తెలియని ఊళ్లో గంటకోసారి ఒక గొంతు కోసం ఎదురుచూసే మనిషి గురించి ఎక్కువగా అనిపించింది. ఊరిని చూడనందుకు నా ఫిర్యాదు అలాగే ఉంది. దాని పక్కన మామయ్య మాటా ఉంది. రెండూ ఉండనిస్తున్నాను.

వ్యాసం టిమ్ పేజ్ కూర్చిన 'ద గ్లెన్ గూల్డ్ రీడర్'లో ఉంది. ముందు ఆ నాలుగు పాటలూ వరసగా వినండి, తర్వాత చదవండి. చదివాక మ్యాపు తెరిచి సుపీరియర్ సరస్సు ఒడ్డు వెంట పదిహేడో నంబరు రోడ్డుని వేలితో నడపండి. మారథాన్ దగ్గర, అగావా దగ్గర కాస్త ఆగండి.